పన్నెండు కాదండీ, పదమూడు

ప్రాక్టికల్ పరీక్షకు ముందురోజు ఉదయం పదకొండు గంటలప్పుడు జంతుశాస్త్ర విభాగం ల్యాబ్ అటెండరు మైక్రోస్కోపు మీద నుంచి తలెత్తి, కళ్లు నులుముకుని, మళ్లీ వంగి కణంలోని క్రోమోజోములు లెక్కపెట్టింది. పదమూడు వచ్చాయి. చిన్నపిల్లలా వేళ్లు మడిచి లెక్కపెట్టింది. పదమూడే. ఇరవై రెండేళ్లుగా ఆ కాలేజీలో మిడతలు పట్టి, కోసి, వాటి కణాలను గాజుపలక మీద పరిచి పిల్లలకు చూపిస్తున్న మనిషి ఆమె. ఈ జాతి మగ మిడతలో, ఈ దశలో, పన్నెండు తప్ప ఇంకో అంకె ఎన్నడూ చూడలేదు.

పిల్లలు ఆమెను మిడతలక్క అంటారు. మొదట్లో ఆమె వెనకాల అనేవారు, తర్వాత మొహం మీదే అనడం మొదలుపెట్టారు. ఆమెకూ అది బాగానే ఉంది. చదువు ఎనిమిదో తరగతితో ఆగింది. ఆ తర్వాత ఒక టైలరు దగ్గర జాకెట్లకు హుక్కులు కుట్టి, కాజాలు వేసి, పాతికేళ్ల వయసులో ఈ ల్యాబులో గాజుసామాను కడిగే పనిలో చేరింది. మొదటి నెలలోనే అప్పటి పెద్దసారు ఒక వల, ఒక సీసా చేతికిచ్చి, మైదానంలోంచి మిడతలు పట్టుకురమ్మన్నాడు. చీర కొంగు బిగించి, పరుగెత్తి, పడి లేచి, నలభై తెచ్చింది. ఆయన వాటిని ఒక్కొక్కటే తిప్పి చూసి నవ్వాడు.

"ఇందులో ముప్పై ఆడవేనమ్మా. నాకు కావలసింది మగవి."

"మిడతకు ఆడా మగా ఎలా తెలుస్తుందండీ?"

"తోక చివర చూడు. పటకారు నోరులా చీలి ఉంటే ఆడది. గుండ్రంగా, పైకి లేచి ఉంటే మగది."

వారం తిరిగేసరికి ఆమెకు తోక చూడాల్సిన అవసరం కూడా లేకపోయింది. గడ్డిలోంచి ఎగిరిన తీరును బట్టే చెప్పేసేది. ఇంకో సంగతి కూడా ఆమే కనిపెట్టింది. ఆ రోజుల్లో పిల్లలు చేసిన స్లైడ్లు సగానికి సగం వట్టిపోయేవి. కణ విభజన ఒక్కటీ కనిపించేది కాదు, తయారైపోయిన వీర్యకణాలు మాత్రం వెంట్రుకల్లా పోగుపడి ఉండేవి. సారు తలపట్టుకునేవాడు. ఒకరోజు బీకర్లు కడుగుతూనే ఆమె అంది, "రెక్కలు సగం పెరిగినవి తెచ్చిన రోజు మీరు బాగా సంతోషంగా ఉంటున్నారు సార్. ముదురు రెక్కలవి తెచ్చిన రోజు విసుక్కుంటున్నారు."

పెద్దసారు పెన్ను కింద పెట్టాడు. ఆ మాట నిజమేనని ఆయనకు రెండు రోజుల్లో తేలింది. మూడో రోజు ఆమెను స్టూలు మీద కూర్చోబెట్టి మైక్రోస్కోపులోకి చూడమన్నాడు.

ఎర్రటి కార్మిన్ రంగు పట్టిన క్రోమోజోములను ఆమె ఆ రోజే మొదటిసారి చూసింది. ఒక కణంలో సన్నని దారాలు చిక్కుపడి ఉన్నాయి. పక్క కణంలో అవే దారాలు పొట్టిగా, లావుగా, ఉంగరాల్లా, కత్తెర గుర్తుల్లా జంట జంటగా సర్దుకుని ఉన్నాయి. ఇంకో కణంలో జంటలు విడిపోయి రెండు వైపులకూ బయలుదేరాయి.

"ఈ మగ మిడత ఒంట్లో మామూలు కణానికి ఇరవై మూడు క్రోమోజోములు," అన్నాడు పెద్దసారు. "వీర్యకణం తయారుకావాలంటే అవి సగం కావాలి. అందుకని ముందు జతలు కడతాయి. పదకొండు జతలు. ఒకటి మిగిలిపోతుంది, దానికి జోడు లేదు. మొత్తం పన్నెండు కనిపిస్తాయి. తర్వాత జతలు విడిపోయి చెరో వైపూ వెళ్తాయి. ఆ ఒంటిది ఏదో ఒక వైపే వెళ్తుంది."

"అది అందిన వైపు ఏమవుతుందండీ?"

"ఆడపిల్ల. అందనివైపు మగపిల్లాడు."

ఆ సాయంత్రం ఆమె ఇంటికెళ్లి ఇదంతా పూసగుచ్చినట్టు చెప్పింది. భర్త క్షవరశాల నడుపుతాడు, రోజంతా కబుర్లు వినీ వినీ ఇంట్లో నిశ్శబ్దం కోరుకునే మనిషి. అత్తగారు మాత్రం చెవులప్పగించి విన్నది. నలుగురు ఆడపిల్లల తర్వాత కొడుకును కన్నది ఆవిడ.

"అంటే మిడతల్లో కూడా తేల్చేది తండ్రేనన్నమాట," అంది. "ఈ ముక్క మా అత్తగారికి చెప్పేవాళ్లు లేకపోయారే అమ్మాయ్. మీ ఆయన పుట్టేదాకా నన్ను కాల్చుకు తిన్నది."

కాజాలు కుట్టిన వేళ్లు ఈ పనికి అచ్చంగా సరిపోయాయి. మిడత వీపు చీల్చి, పసుపుపచ్చటి కొవ్వులోంచి వృషణాన్ని నలగకుండా తియ్యాలి. మూడు వంతుల ఆల్కహాలు, ఒక వంతు అసిటిక్ ఆమ్లం కలిపిన సీసాలో వెయ్యాలి. మర్నాడు ఆ వృషణంలోంచి సన్నని గొట్టం ఒకటి తీసి గాజుపలక మీద రంగుచుక్కలో పెట్టి, సూదితో తట్టి, పైన పల్చటి గాజుముక్క కప్పి, కాగితం మడతలో పెట్టి బొటనవేలితో నొక్కాలి. వేలు పక్కకు వెంట్రుకవాసి జరిగినా అంతా పాడే. పెద్దసారు ఉద్యోగ విరమణ చేసేనాటికి ఆ విభాగంలో ఆమెలా నొక్కగలిగినవాళ్లు ఎవరూ లేరు, ఆయనతో సహా.

ఈ ఏడు ఆటలపోటీలని మైదానంలో గడ్డి నున్నగా కొట్టించేశారు. ఆమె వల పట్టుకుని మొత్తం తిరిగి, చివరికి పంపు గది వెనక్కు వెళ్లింది. అక్కడ పైపు కారి గోడవారన గడ్డి మోకాలెత్తు పెరిగింది. గంటలో పదహారు మగవి దొరికాయి. పరీక్ష రాసే పిల్లలు పదహారు మంది. ఎవరికీ పాడు సరుకు వెళ్లకూడదని ఒక్కో సీసాలోంచి ఒక్కో గొట్టం తీసి తనే ముందుగా నొక్కి చూడటం ఆమెకు అలవాటు. మూడో సీసాలో తగిలింది ఆ పదమూడు.

జతలు పదకొండూ ఉన్నాయి. ఒంటిది ఉంది. వాటికి తోడు, కాస్త ఎడంగా, చిన్నది, మిగతావాటికన్నా చిక్కగా రంగు పట్టినది ఇంకొకటి ఉంది.

మురికి అనుకుంది మొదట. మైక్రోస్కోపు సన్న మర అటూ ఇటూ తిప్పింది. మురికైతే క్రోమోజోములు స్పష్టంగా ఉన్నప్పుడు మసకబారాలి, పైనో కిందో తేలాలి. ఇది వాటితోపాటే స్పష్టమవుతోంది, వాటితోపాటే మసకబారుతోంది. పక్క కణం చూసింది. ఉంది. దాని పక్కది చూసింది. అందులోనూ ఉంది. ఇరవై కణాలు చూస్తే ఇరవైలోనూ ఉంది. మిగతా సీసాలన్నీ చూసింది. పదహారింటిలో ఐదింటికి ఉంది. ఆ ఐదు సీసాల అడుగున మైనపు పెన్సిలుతో చిన్న గీత పెట్టి, మేడం గదికి పరుగులాంటి నడకతో వెళ్లింది.

విభాగంలో ఇప్పుడు పాఠం చెప్పేది ఈ మేడమే. మంచిదే, కానీ ఆ రోజు ఆమెకు ఊపిరాడటం లేదు. మర్నాడు బయటి కాలేజీ నుంచి పరీక్షాధికారి వస్తున్నాడు. ప్రశ్నపత్రాలు ఇంకా అచ్చు కాలేదు.

"మేడం, ఒక్కసారి వచ్చి చూడండి. ఒకటి ఎక్కువుంది."

"ఏం ఎక్కువుందక్కా?"

"క్రోమోజోము."

"రంగు వడకట్టలేదేమో చూడు. నలకలుంటాయి."

"వడకట్టి మళ్లీ చేశానండి. మళ్లీ ఉంది. ఐదింటికి."

మేడం కాగితాల్లోంచి తలెత్తలేదు. "అక్కా, నీకు దండం పెడతాను, పరీక్ష అయిపోనీ. అప్పుడు చూద్దాం. ఆ పదహారూ అలాగే పిల్లలకిచ్చెయ్. మళ్లీ పట్టుకొచ్చి చేసే టైము లేదు."

ఇంట్లో ఆ పూట ఆమెకు అన్నం సహించలేదు. ఒకచోట కూర్చోలేకపోయింది. భర్త చూసి చూసి అడిగాడు.

"ఏమైంది? కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నావు."

చెప్పింది. అతను ఆలోచించాడు. "నా షాపులో పన్నెండు దువ్వెనలున్నాయి. పొద్దున్నే పదమూడోది కనిపించిందనుకో, ఎవరో మర్చిపోయి వెళ్లారనుకుంటాను. అంతేగా?"

"ఐదు షాపుల్లో ఒకేలాంటి దువ్వెన మర్చిపోతారా ఎవరైనా?"

అత్తగారు పక్కగదిలోంచి, "అమ్మాయి చెప్పేదాంట్లో పాయింటుంది రా," అంది.

పరీక్ష పదింటికి మొదలైంది. వచ్చిన పరీక్షాధికారి అరవైకి దగ్గర పడ్డ మనిషి, ఇస్త్రీ మడత చెదరని తెల్లచొక్కా, జేబులో మూడు పెన్నులు. గొంతు పెంచడు, కానీ ఆయన పక్కకొచ్చి నిలబడితే పిల్లలు లెక్క మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టారు. ఒక్కొక్కరూ స్లైడు తయారుచేసి, దశ పేరు రాసి, లెక్క రాసి, బొమ్మ గీసి చూపించాలి. అటెండరు పని రంగు అందించడం, పగిలిన గాజు ఎత్తడం. పరీక్ష హాల్లో అటెండరు నోరు విప్పకూడదు. ఆమె ఇరవై రెండేళ్లలో ఎప్పుడూ విప్పలేదు.

ఆయన కిటికీ పక్క బల్ల దగ్గర ఆగాడు. అక్కడున్న అమ్మాయి మాట తక్కువ, బొమ్మ బాగా వేస్తుంది. ఆయన కాగితం చదివాడు.

"జతలు పదకొండు, ఒంటరివి రెండు, మొత్తం పదమూడు. ఇదేమిటమ్మా?"

"అలాగే కనిపించింది సార్."

"పుస్తకంలో ఎన్నుంది?"

"పన్నెండు సార్."

"మరి?"

"నాకు పదమూడు కనిపించాయి సార్." మాట మార్చలేదు.

ఆయన మైక్రోస్కోపులోకి ఒక్క క్షణం తొంగిచూశాడు. "రంగు నలక," అని ఎర్రపెన్ను తీసి లెక్క మీద గీత కొట్టాడు.

తర్వాత చాలాసార్లు ఆమె ఈ ఘట్టం చెప్పుకుంది కానీ, ఎప్పుడు ముందుకు నడిచిందో, ఎప్పుడు నోరు తెరిచిందో మాత్రం గుర్తులేదంటుంది.

"పన్నెండు కాదండీ, పదమూడు."

పరీక్షాధికారి తిరిగాడు.

"మీరెవరు?"

"మిడతలు పట్టేదాన్నండి. ఆ సీసా అడుగున పెన్సిలు గీత ఉంటుంది చూడండి. నిన్ననే పెట్టాను. అలాంటి సీసాలు ఈ హాల్లో ఐదున్నాయి."

ఆయన సీసా ఎత్తి చూశాడు. గీత ఉంది. కళ్లజోడు తీసి తుడిచి పెట్టుకున్నాడు. "ఇదే సీసాలోది నా ఎదురుగా ఇంకొకటి చెయ్యండి," అన్నాడు.

ఆమె కూర్చుంది. పదహారు మంది పిల్లలు, మేడం, ఆయన, అందరూ ఆమె వేళ్లనే చూస్తున్నారు. గొట్టం తీసింది, రంగులో పెట్టింది, తట్టింది, కప్పింది, నొక్కింది. బొటనవేలు జరిగింది. కణాలన్నీ చెదిరి ఎర్రటి పీచయ్యాయి. పదేళ్లలో ఆమె చేతిలో స్లైడు పాడవడం అదే మొదలు.

"కంగారు లేదు," అన్నాడు ఆయన. "నా చేతిలో రోజుకు నాలుగు పోతాయి."

రెండోది చేసింది. స్పిరిట్ దీపం మంట మీద ఒకసారి ఆడించి, మైక్రోస్కోపు కింద పెట్టి, దశ దొరికేదాకా వెతికి, లేచి పక్కకు నిలబడింది. ఆయన వంగాడు. ఈసారి తొందరగా లేవలేదు. సన్న మర తిప్పుతున్న వేళ్లు తప్ప ఆయన ఒంట్లో ఏదీ కదలలేదు. ఎవరో పిల్ల తుమ్మింది, ఆయనకు వినబడలేదు. పలకను కొంచెం కొంచెం జరుపుతూ పోయాడు. ఒకచోట ఆగి, "ఓహో," అని తనలో తాననుకున్నట్టు అన్నాడు. "ఇక్కడ విడిపోతున్నాయి. చిన్నది ఒక కొసకు వెళ్తోంది. ఒంటిది రెండో కొసకు పోతోంది. ఇలా రామ్మా, చూడు," అని కిటికీ పక్క అమ్మాయిని పిలిచాడు. తర్వాత మేడంను, తర్వాత మిడతలక్కను.

ఆమె చూసింది. క్రోమోజోములు పాయలుపాయలుగా రెండు కొసలకూ లాగబడుతుంటే, ఆ చిన్న ముదురు చుక్క ఎవరికీ జత కాకుండా, ఎవరినీ అడక్కుండా, ఒక గుంపుతో కలిసి వెళ్తోంది.

"మిగతా నాలుగు సీసాలూ తెండి," అన్నాడు పరీక్షాధికారి.

తెచ్చారు. ఆ నాలుగు సీసాలు అందినవాళ్ల జవాబు కాగితాలు కూడా తెప్పించుకున్నాడు. ఆమె ఒక్కొక్కటీ నొక్కి ఇస్తుంటే చూస్తూ పోయాడు. నాలుగింటిలోనూ పదమూడు ఉన్నాయి. నాలుగు కాగితాల మీదా మాత్రం పన్నెండనే రాసి ఉంది. ముచ్చటైన చేతిరాతతో, కింద రెండు గీతలతో.

ఆయన ఆ నలుగురినీ చూశాడు. "మీరు మైక్రోస్కోపులోకి చూశారా, పుస్తకంలోకి చూశారా?"

వాళ్లలో ఒకడు, "చిన్నదొకటి కనిపించింది సార్. రాస్తే మార్కులు పోతాయని రాయలేదు," అన్నాడు.

"ఆ తప్పు నీది కాదులే. గీత కొట్టింది నేను," అన్నాడు ఆయన. కిటికీ పక్క అమ్మాయి కాగితం తీసుకుని, తను కొట్టిన గీత పక్కన సంతకం పెట్టి, పూర్తి మార్కులు వేశాడు.

అప్పుడు మేడం ముందుకొచ్చింది. "సార్, అక్క నిన్ననే చెప్పింది. నేనే వినిపించుకోలేదు."

"నేను ఈరోజు విన్నాను, అదీ రెండోసారికి," అన్నాడు ఆయన. మిడతలక్క వైపు తిరిగి, "ఇలాంటివాటిని అదనపు క్రోమోజోములంటారు. మిడతల్లో అక్కడక్కడా కనబడతాయని చదివాను, పాఠం కూడా చెప్పాను. ముప్పై నాలుగేళ్ల సర్వీసులో కళ్లారా చూడటం ఇదే. అవి లేకపోయినా మిడత బతుకుతుంది, ఉన్నా బతుకుతుంది. ఎందుకున్నాయో, ఎలా నిలుస్తున్నాయో తేల్చడమే కష్టం. ఇవి ఎక్కడ పట్టారు?"

"పంపు గది వెనకాలండి."

"ఎంత దూరం?"

భోజనాల గంట కొట్టింది. ఆయనకోసం ప్రిన్సిపాలు గదిలో బల్ల సిద్ధంగా ఉంది. ఆయన బూట్లు విప్పి, ప్యాంటు మడిచి, వల భుజాన వేసుకుని పంపు గది వెనక బురదలోకి దిగాడు. మేడం వెనకాల వెళ్లింది. పిల్లలు పదహారుమందీ వెళ్లారు. ఆయన వల విసిరితే గడ్డి పడింది, ఇంకోసారి విసిరితే కప్ప పడింది. మిడతలక్క ఓపికపట్టి, చివరికి వల చేతిలోంచి తీసుకుంది.

"మీరు సీసా పట్టుకోండి సార్."

ఆయన సీసా పట్టుకున్నాడు. సాయంత్రానికి తెల్లచొక్కా చెప్పుకోలేని స్థితికొచ్చింది. సీసాలో ముప్పై రెండు మిడతలున్నాయి.

తర్వాతి రెండు నెలలంత బిజీగా ఆమె జీవితం ఎన్నడూ గడవలేదు. ఆయన ప్రతి శనివారం బస్సెక్కి వచ్చేవాడు. మేడం లెక్కలు రాసింది, కిటికీ పక్క అమ్మాయి బొమ్మలు గీసింది, మిడతలక్క పట్టి, కోసి, నొక్కింది. పంపు గది వెనక నూట నాలుగు మగ మిడతలు చూస్తే ముప్పై ఏడింటికి అదనపుది ఉంది. మైదానం అవతలి గోడ దగ్గర అరవైలో ఆరింటికే ఉంది. ఒక ఆదివారం అత్తగారు తనకూ చూపించమని పట్టుబట్టింది. కంటికి ఆపరేషను చేయించుకున్న కొత్తలో ఉన్నది ఆవిడ, చూపు మీద భలే ధీమా. మైక్రోస్కోపు మీద వాలి, చాలాసేపు ఊపిరి బిగబట్టి చూసింది.

"ఈ బుడ్డది బాగా చలాకీగా ఉందే," అంది. "దీనికి తోడెవరూ లేరా?"

"లేరత్తయ్యా."

"అయినా బెంగ లేదు దానికి."

వ్యాసం ఒక చిన్న పత్రికకు పంపేటప్పుడు రచయితల జాబితాలో ఎవరి పేర్లు పెట్టాలన్న మాట వచ్చింది. ప్రిన్సిపాలు కృతజ్ఞతల్లో అటెండరు పేరు వేస్తే చాలన్నాడు. మేడం ఒప్పుకోలేదు. "మొదట చూసింది అక్క సార్. నేను కృతజ్ఞతల్లో ఉంటాను, ఆవిణ్ని పైన పెట్టండి," అంది. పరీక్షాధికారి ఇద్దరినీ పైనే పెట్టాడు. పత్రికవాళ్లు పంపిన ఫారంలో విద్యార్హత అని ఒక గడి ఉంది. మిడతలక్క ఎనిమిదో తరగతి అని రాసింది. ఎవరూ ఏమీ అనలేదు. మూడు నెలలకు పత్రిక అచ్చై వచ్చింది. భర్త ఆ పేజీ తీసుకెళ్లి షాపు అద్దం పక్కన అంటించాడు. గడ్డానికి సబ్బు పట్టించుకున్న ప్రతి మనిషికీ కదలడానికి వీలులేని సమయం చూసి, వీర్యకణాలు తయారయ్యేటప్పుడు జతలు ఎలా విడిపోతాయో మొదటి నుంచి చెప్పడం మొదలుపెట్టాడు. ఇంట్లో మాట్లాడని మనిషి ఇంత మాటకారని అప్పుడే తెలిసింది ఆమెకు.

పని అక్కడితో ఆగలేదు. అదనపుది ఎంత దూరం వ్యాపించిందో చూడాలన్నాడు పరీక్షాధికారి. సెలవురోజుల్లో ఆమె భర్త స్కూటరు వెనక వల పట్టుకుని కూర్చుని బయలుదేరుతోంది. రైలుపట్టాల పక్క, బడి వెనక, ఇటుకల బట్టీల చుట్టూ పట్టింది. ఊరి చివరి కాలవకు ఇవతల ఎక్కడ పట్టినా పదింటికి ఒకటో రెండో దొరికాయి. పోయిన వారం మొదటిసారి కాలవ దాటి, అవతలి గట్టున నలభై పట్టింది. మంగళవారానికల్లా నలభై స్లైడ్లూ నొక్కింది. ఒక్కదానికీ లేదు.

దిగులుగా ఫోన్ చేసింది. "అవతల లేవండి సార్. వారం వృథా అయింది."

అటు నుంచి కుర్చీ జరిగిన చప్పుడు వినిపించింది. "వృథా ఏమిటమ్మా? ఇవతల ఉండి అవతల లేకపోతే, ఆ కాలవ వాటికి గోడలా అడ్డం నిలబడిందన్నమాట. ఎంత పెద్ద మాట చెప్పారో తెలుసా మీరు? అక్కడ వంతెన ఏమైనా ఉందా?"

"మూడు మైళ్లు కిందికి ఒకటుందండి. దాని మీదా గడ్డే."

"ఆ వంతెన చూశారా?"

చూడలేదు. ఆమె ఫోన్ పెట్టేసి, ఉతికి ఆరేసిన వల తీసి చిరుగులు చూసుకుంది. రెండు చోట్ల కుట్టాలి. సూదిలో దారం ఎక్కిస్తూ భర్తను పిలిచింది.

"ఏమండీ, బండిలో పెట్రోలుందా?"

"ఇప్పుడా?" అన్నాడు అతను, అప్పటికే చెప్పుల్లో కాళ్లు దూరుస్తూ.